పసుపు పెట్టిన నోటీసు

శ్రీకాళహస్తి
జూన్ 4

నిశ్చింత వ్యాపార బీమా సంస్థ తిరుపతి శాఖలో క్లెయిములు చూసే ఆఫీసరు గారికి,

శ్రీకాళహస్తి అరిటాకుల వ్యాపారి రాజారత్నం నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీ ఆఫీసులో కూడా అందరూ క్షేమమని తలుస్తాను.

పోయిన ఏడాది వ్యాను కొనడానికి బ్యాంకు అప్పుకు వెళితే, మేనేజరు గారు అప్పుతో పాటు మీ పాలసీ కూడా నా చేతిలో పెట్టారు. "ఇది దేనికి సార్?" అని అడిగాను. "నీ దగ్గర సరుకు తీసుకున్న హోటళ్ళవాళ్ళు డబ్బు ఇయ్యకపోతే ఈ కంపెనీ ఇస్తాది. సంతకం పెట్టప్పా" అన్నారు. పెట్టాను. ఆ రోజు నాకు నవ్వొచ్చింది. ఆకులు తీసుకుని డబ్బు ఎగ్గొట్టేవాడు ఎవడుంటాడు అనుకున్నాను.

ఉన్నాడు. తిరుచానూరులో మెస్సు నడిపే మునిశేఖర్. ఎగ్గొట్టాడు అని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఇవ్వలేకపోతున్నాడు అని రాసుకోండి. నాకు పెళ్ళి కాకముందు నుంచీ వాడికి ఆకులు వేస్తున్నాను. వాడి మెస్సులో మొదటి పంక్తికి పరిచిన ఆకు నాదే. అలాంటివాడు సంక్రాంతి దాటినప్పటి నుంచీ "రేపు సూద్దాం అప్పా" అంటున్నాడు. బాకీ రెండు లక్షలు దాటింది.

నాకేమో స్వర్ణముఖి పక్క తోటలవాళ్ళు వారం వారం వాకిట్లో నిలబడతారు. వ్యాను వాయిదాలు రెండు తప్పాయి. జూలై నెలాఖరుకు మూడోదీ తప్పితే వ్యాను తోలుకుపోతామని బ్యాంకువాళ్ళు చెప్పారు. వ్యాను పోతే తెల్లారేసరికి తిరుపతికి ఆకు చేరదు. ఆకు చేరకపోతే నేను ఇంట్లో కూర్చోవాల్సిందే. ఇంట్లో కూర్చోబెట్టుకోవడానికి మా ఆవిడ కూడా సిద్ధంగా లేదు.

కాబట్టి మీరు వెంటనే డబ్బు పంపించగలరు. ఒక్కటే షరతు. నేను మిమ్మల్ని అడిగానని మునిశేఖర్‌కు తెలియకూడదు. పాపం, మనసు కష్టపెట్టుకుంటాడు.

ఇట్లు,
మీ విధేయుడు,
కె. రాజారత్నం

తా.క. ఫోను చేయవద్దు. ఫోనులో మాట్లాడింది గాలికి పోతుంది. వ్యాను ఫొటో ఒకటి జత చేశాను. నీలం రంగు. దాన్ని చూశాక మీరు ఆలస్యం చేయరని నమ్మకం.

మరొక తా.క. నేను పంకజాక్షి, ఆయన పెండ్లాన్ని రాస్తా ఉండాను. షరతు ఒకటే అన్నాడు గదా, నాదొకటి ఉండాది. డబ్బు ఈయన చేతికి ఇచ్చేది నాకు తెలిసేటట్టు ఇయ్యండి.

*

తిరుపతి
జూన్ 9

శ్రీ కె. రాజారత్నం గారికి,

మీ ఉత్తరం అందింది. మా సంస్థ నియమాలను మీ దృష్టికి తీసుకురావలసి ఉంది.

బాకీ పడిన కొనుగోలుదారుకు మీరు అప్పు మీద సరుకు ఇవ్వడం తక్షణం ఆపాలి. ఇచ్చిన సరుకులో తిరిగి తీసుకోగలిగినది ఉంటే తీసుకోవాలి. పదిహేను రోజుల్లో బాకీ చెల్లించాలని కోరుతూ ఆయనకు నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిందనడానికి రుజువు మాకు పంపాలి. మమ్మల్ని అడగకుండా ఆయనతో ఏ రాజీకీ రాకూడదు. వీటిలో ఏది తప్పినా క్లెయిము చెల్లదు.

కొనుగోలుదారుకు తెలియకుండా క్లెయిము చెల్లించే పద్ధతి మా దగ్గర లేదు. నోటీసు నమూనా జత చేస్తున్నాము.

భవదీయురాలు,
ఎ. రూతు
క్లెయిముల అధికారి

తా.క. వ్యాను ఫొటో తిరిగి పంపుతున్నాము. నంబరు ప్లేటు నిమ్మకాయల దండ వెనక ఉండిపోయింది.

*

శ్రీకాళహస్తి
జూన్ 15

రూతు మేడం గారికి,

రాజారత్నం నమస్కారాలు. మీరు చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేశాను.

మొదటిది. అప్పు మీద ఆకు ఇవ్వద్దన్నారు. ఆపేశాను. కానీ ఆకు లేకపోతే మెస్సుకు వచ్చిన భక్తులు దేంట్లో తింటారు? అందుకని ఊరికే ఇచ్చాను. ఊరికే ఇచ్చేది అప్పు కిందికి రాదు కదా.

రెండోది. సరుకు తిరిగి తీసుకోమన్నారు. విచారించాను. సంక్రాంతి నుంచి ఇచ్చిన ఆకులన్నీ తిరుచానూరు ఆవులు తినేశాయి. ఏ ఆవు ఎంత తిన్నదో చెప్పేవాళ్ళు లేరు.

మూడోది నోటీసు. మేడం, మీది ఏ ఊరో నాకు తెలియదు. మా పక్క ఒకరి ఇంటికి వెళ్ళి చేతికి ఒట్టి కాగితం ఇవ్వకూడదు. కర్మాంతరం కార్డు ఒక్కటే అలా ఇస్తారు. మునిశేఖర్ ఇంటికి నేను ఒట్టి కవరు తీసుకుని పోతే, వాడి భార్య నాగవేణమ్మ గుమ్మంలోనే "ఎవురు పోయినారన్నా!" అని ఏడుపు మొదలుపెడుతుంది. అందుకని కవరుకు నాలుగు మూలలా పసుపు పెట్టి, పళ్ళెంలో తమలపాకులు, వక్క, అరటిపళ్ళు, కొబ్బరికాయ సర్ది, నేనూ మా పంకజాక్షీ కలిసి వెళ్ళి ఇచ్చాము. ఇద్దరూ ఎదురొచ్చి రెండు చేతులతో అందుకున్నారు. కాఫీ ఇచ్చారు. రుజువు కోసం ఫొటో తీయించాను. చూడండి, ఎంత సంతోషంగా తీసుకున్నారో.

ఇక డబ్బు పంపించగలరు.

ఇట్లు,
కె. రాజారత్నం

తా.క. ఫొటోలో మూలగా కనపడే మోచెయ్యి నాది.

మరొక తా.క. పంకజాక్షి రాసేది. ఆయన చెప్పనిది నేను చెప్తా. నాగవేణి నా చెయ్యి పట్టుకుని "ఎప్పుడక్కా?" అని అడిగినాది. ఈయన దగ్గి, "పదిహేను రోజుల్లో" అన్నాడు. ఆయమ్మ కవరు విప్పకుండానే కళ్ళకద్దుకుని దేవుడి గూట్లో పెట్టేసినాది. నాకెందుకో మనసులో బాగలేదు.

*

తిరుపతి
జూన్ 19

రాజారత్నం గారికి,

నమస్కారం. ఊరికే ఇచ్చినా అది సరఫరాయే. దయచేసి ఆపండి.

మీరు పంపిన ఫొటో మా మేనేజరు గారికి చూపించాను. "ఎవరి పెళ్ళి?" అని అడిగారు. బాకీ నోటీసు అని చెప్పాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసి, "ఇది రుజువే. కాని దేనికి రుజువో తెలియడం లేదు" అన్నారు.

మునిశేఖర్ గారు ఆ కవరు తెరిచి చదివారా లేదా? అది తేలేదాకా క్లెయిము ముందుకు కదలదు. మీరు స్వయంగా వెళ్ళి, ఇది బాకీ నోటీసు అని నోటితో స్పష్టంగా చెప్పండి.

భవదీయురాలు,
ఎ. రూతు

తా.క. మాది కార్వేటినగరం. మా వీధిలో అయితే కవరు మీద సిలువ వేసి, లోపల వాక్యం రాసి ఇస్తారు. బాకీ నోటీసు అలా ఇచ్చినవాళ్ళను మాత్రం నేను చూడలేదు.

*

శ్రీకాళహస్తి
జూలై 1

రూతమ్మ గారికి,

రాజారత్నం నమస్కరించి రాసేది. చెప్పాలనే వెళ్ళాను. రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ వాడు నన్ను కూర్చోబెట్టి అన్నం పెట్టాడు. వాడి అన్నం తింటూ, వాడి ముఖం మీద ఆ మాట ఎలా చెప్పేది? రసం తాగి వచ్చేశాను.

మొన్న ఆదివారం పొద్దున జరిగింది వినండి. వాకిట్లో పెద్ద వ్యాను ఆగింది. మునిశేఖర్, నాగవేణమ్మ, వాడి తమ్ముళ్ళు, మరదళ్ళు, పిల్లలు, మెస్సులో వంటవాళ్ళు, అందరూ పట్టుబట్టలతో దిగారు. చేతుల్లో పళ్ళ బుట్టలు. నాగవేణమ్మ చేతిలో వెండి కుంకుమ భరిణ, మా ఆవిడకు పట్టుచీర. మునిశేఖర్ అటూ ఇటూ చూసి, "ఏందప్పా, పందిరి యాడ? మేళం యాడ?" అన్నాడు.

పదిహేను రోజుల్లో అన్నాను కదా. వాళ్ళు లెక్క పెట్టుకుని వచ్చారు. శుభలేఖ దేవుడి దగ్గర పెట్టాక ఎవరైనా మళ్ళీ విప్పి చదువుతారా అమ్మా?

"ఏం ఫంక్షనప్పా ఇంతకీ?" అని అడిగాడు. ఏదో ఒకటి చెప్పాలి. "షష్టిపూర్తి" అన్నాను.

ఇక ఆ తర్వాత నా చేతిలో ఏమీ లేదు. మునిశేఖర్ ఫోను చేసి గుడి వీధి నుంచి అయ్యవారిని రప్పించాడు. వాడి వంటవాళ్ళే మా పెరట్లో పొయ్యి పెట్టారు. నన్నూ మా ఆవిడనూ పీటల మీద కూర్చోబెట్టి దండలు మార్పించారు. అందరికీ నా ఆకుల్లోనే భోజనం.

తిన్నాక వాడు నన్ను పెరట్లోకి తీసుకెళ్ళాడు. "నీ బాకీ నా గుండెల మీద ఉండాది అప్పా" అన్నాడు. మద్రాసు దారిలో తడ అనే ఊళ్ళో సుకుమార్ అని ఒక టూరిస్టు బస్సుల ఏజెంటు ఉన్నాడట. మద్రాసు నుంచి బస్సుల నిండా భక్తులను తెచ్చి మునిశేఖర్ మెస్సులో తినిపిస్తాడు. జనవరి నుంచి వాడు ఒక్క పైసా ఇవ్వలేదట. "వాడు ఇస్తే నీకిస్తా. వాడు ఇయ్యడు, నాకు అడగడానికి నోరు రాదు" అని మునిశేఖర్ ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఆ సమయంలో నోటీసు మాట ఎత్తడానికి నాకు మనసు రాలేదు.

అమ్మా, ఒక సందేహం. బాకీ వసూలుకు అయ్యే ఖర్చులు కంపెనీ భరిస్తుందని పాలసీ వెనక సన్న అక్షరాల్లో ఉంది. ఇదంతా మీ నోటీసు వల్లే జరిగింది కనుక అయ్యవారి దక్షిణ, దండలు, నెయ్యి ఆ ఖాతాలో వేయగలరా?

ఇట్లు,
కె. రాజారత్నం

తా.క. అయ్యవారు నక్షత్రం అడిగినప్పుడు తడబడ్డాను. ఎవరూ గమనించలేదు.

మరొక తా.క. పంకజాక్షి రాసేది. నేను గమనించినాను. ఈయనకు ఇంకా అరవై రాలేదమ్మా! ఊరంతా ఇప్పుడు నన్ను ముసిలిదాన్ని చేసేసినారు. చీర మాత్రం మంచిది. నెయ్యి డబ్బు ఇస్తే నాకియ్యండి, అది నా నెయ్యి.

*

తిరుపతి
జూలై 5

రాజారత్నం గారికి,

నమస్కారం. ముందుగా మా అనుమతి తీసుకోలేదు కనుక షష్టిపూర్తి ఖర్చులు ఇవ్వలేము. వసూలు ఖర్చుల కింద దండలు రాసిన బిల్లు మా శాఖకు ఇదే మొదటిసారి. మేనేజరు గారు దానికి నకలు తీసి దాచుకున్నారు.

నోటీసు చదవలేదని ఇప్పుడు తేలిపోయింది. మీ చేత ఆ మాట చెప్పించడం నా వల్ల కాదని కూడా తేలింది. అందుకని మా ఆఫీసు నుంచే ఆయనకు రిజిస్టరు పోస్టు పంపుతున్నాను. మీ వ్యాను గడువు దగ్గర పడుతోంది, ఇంతకు మించి ఆగితే నష్టపోయేది మీరే. కోపం తెచ్చుకోకండి.

భవదీయురాలు,
రూతు

తా.క. మా రికార్డుల్లో మీ వయసు యాభై ఏడు. సవరించమంటారా?

మరొక తా.క. ఇది ఆఫీసు సంగతి కాదు. మా అమ్మ ఆ పట్టుచీర రంగు కనుక్కోమంది.

*

శ్రీకాళహస్తి
జూలై 12

రూతు గారికి,

సర్వనాశనం అయింది.

మీ రిజిస్టరు కవరు సరిగ్గా భోజనాల వేళ మెస్సుకు చేరింది. మునిశేఖర్ చేతులకు సాంబారు ఉంది. అక్కడ తింటున్న ఒకాయనను చదవమన్నాడట. ఆయన గొంతు పెద్దది. "మీ మీద శ్రీ రాజారత్నం గారు మా వద్ద చేసుకున్న బీమా" అని పైకి చదివాడు. మెస్సు మొత్తం విన్నది.

సాయంత్రానికి వాడు మా ఇంటికి వచ్చాడు. లోపలికి రాలేదు. వీధిలోనే నిలబడి అరిచాడు. "నా మీద ఇన్సూరెన్స్ కట్టినావా అప్పా? నేను పోతే నీకు డబ్బులొస్తాయా? నీ షష్టిపూర్తికి వచ్చి నీ కాళ్ళకు మొక్కినానే! నా చావు మీద లెక్క కట్టుకుని పీట మీద కూర్చున్నావా నువ్వు?" అన్నాడు. అది నీ ప్రాణం మీద కాదురా అని చెప్పబోయాను. వినలేదు. నాగవేణమ్మ మా ఆకుల కట్టలన్నీ వీధిలో పారబోసిందట. మందు పూసి పంపించానేమో అని అనుమానం. వాడికి దిష్టి తీయించి, తాయెత్తు కట్టించి, ఆ రోజు నుంచి బయటి కాఫీ కూడా తాగనివ్వడం లేదు. మెస్సులో ఇప్పుడు స్టీలు పళ్ళేలు పెట్టారు.

నేను మిమ్మల్ని ఏమడిగాను? వాడికి తెలియకూడదు అన్నాను. అదొక్కటే అడిగాను. మీరు రిజిస్టరు పోస్టులో తెలియజేశారు.

డబ్బు ఇస్తే ఇవ్వండి, లేకపోతే మానండి. నాకు ఈ పాలసీ వద్దు.

రాజారత్నం

తా.క. వయసు సవరించండి. ఈ వారంలో నాకు అరవై కాదు, ఎనభై వచ్చింది.

మరొక తా.క. పంకజాక్షి రాసేది. ఆయన మాటలు పట్టించుకోబాకమ్మా. అన్నం సరిగ్గా తినడం లేదు. పెరట్లో ఆకుల మధ్య కూర్చుని తొడిమలు కోస్తా ఉంటాడు. కోసిన తొడిమలే మళ్ళీ కోస్తాడు. పాలసీ తీసేయొద్దు. చీర రంగు నెమలి మెడ రంగు, అంచు ఎరుపు.

*

తిరుపతి
జూలై 20

పెద్దాయన రాజారత్నం గారికి,

నమస్కారం. మీ ఉత్తరం చదివి ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. నియమం ప్రకారం నేను చేసింది సరైనదే. అయినా ముందు వెళ్ళి ఆయనకు నోటితో చెప్పి, తర్వాత పోస్టు పంపి ఉండాల్సింది. క్షమించండి.

నిన్న మధ్యాహ్నం నేనే తిరుచానూరు వెళ్ళాను. నేనెవరో చెప్పకుండా ముందు కూర్చుని భోజనం చేశాను. స్టీలు పళ్ళెం. తిన్నాక నేను ఫలానా అని చెప్పాను. నాగవేణి గారు వెంటనే మునిశేఖర్ గారికి అడ్డంగా నిలబడ్డారు.

నేను చెప్పాను: "అయ్యా, ఇది మీ ప్రాణం మీద బీమా కాదు. రాజారత్నం గారు ఇచ్చిన ఆకుల మీద బీమా. మీకు ఏమన్నా అయితే మా కంపెనీకే నష్టం. మీరు నిండు నూరేళ్ళు బతికి, ఆ బాకీ తీర్చాలనే మేనేజరు గారితో సహా మా ఆఫీసంతా కోరుకుంటోంది."

ఆయన "అంటే, వాడు నేను సావాలని అనుకోలేదా?" అన్నారు. లేదన్నాను. "మరి నోటితో అడగొచ్చు గదమ్మా" అన్నారు. "ఆ పసుపు కవరులో ఉన్నది బాకీ నోటీసే. నోటితో అడగడానికీ రెండుసార్లు వచ్చారు, రసం తాగి వెళ్ళిపోయారు" అన్నాను. ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నారు.

నాగవేణి గారు మాత్రం తాయెత్తు ఇప్పుడే విప్పనని అన్నారు.

నోటీసు ఆయనకు అందినట్టు రుజువు దొరికింది కనుక మీ క్లెయిము మంజూరయింది. నూటికి తొంభై వంతున ఈ వారంలోనే మీ ఖాతాలో పడుతుంది. పంకజాక్షి గారికి తెలిసేటట్టు ఈ ఉత్తరంలోనే రాస్తున్నాను. ఇకపై ఆ బాకీ ఆయన దగ్గర వసూలు చేసుకునే హక్కు కంపెనీది. ఆయన మీకే నేరుగా ఇచ్చినట్టయితే మాకు వెంటనే తెలిపి, మా వాటా మాకు పంపాలి.

మీ,
రూతు

తా.క. నేను లేచి వస్తుంటే మునిశేఖర్ గారు, "వాడి దగ్గు తగ్గిందా?" అని అడిగారు. మీకు చెప్పమనలేదు. చెప్పొద్దని కూడా అనలేదు.

*

శ్రీకాళహస్తి
ఆగస్టు 11

చిరంజీవి రూతమ్మకు,

రాజారత్నం దీవించి రాసేది. డబ్బు వచ్చింది. వ్యాను వాయిదాలు కట్టేశాను, తోటలవాళ్ళకు ఇచ్చేశాను. మీ కంపెనీకి, మీకు మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాము. వ్యాను కడిగి, కొత్త నిమ్మకాయల దండ వేశాను.

అయినా తల్లీ, తిరుచానూరు దారిలో వ్యాను పోతుంటే ఆ మెస్సు ముందు నా తల దానంతటదే పక్కకు తిరుగుతోంది.

ఇప్పుడు ఒక ముఖ్యమైన ఫిర్యాదు. పోయిన వారం మునిశేఖర్, నాగవేణమ్మ మా ఇంటికి వచ్చారు. వాళ్ళ వ్యాను చప్పుడు వినగానే నేను పెరట్లోకి వెళ్ళి ఆకుల గుట్ట వెనక కూర్చున్నాను. సిగ్గో, కోపమో నాకే తెలియదు. మా ఆవిడ ఎదురెళ్ళింది. వాళ్ళ చేతిలో పళ్ళెం, తమలపాకులు, అరటిపళ్ళు, నాలుగు మూలలా పసుపు పెట్టిన కవరు. "అన్న యాడ?" అని అడిగి, లేడంటే కాఫీ తాగి, "అన్నను తప్పకుండా సూడమని చెప్పక్కా" అని వెళ్ళిపోయారు. వాడి మనవరాలికి చెవులు కుట్టించే వయసు. అదే అయి ఉంటుంది.

మా ఆవిడ కవరు దేవుడి దగ్గర పెట్టింది. నేను ముట్టుకోలేదు. ముట్టుకోను కూడా. నాకు, మీ కంపెనీకి ఇవ్వడానికి డబ్బు లేనివాడికి ఫంక్షన్లు చేయడానికి ఎక్కడి నుంచి వచ్చింది? నా ఇంటి ముందు అంత మాట అన్నవాడు, ఏమీ జరగనట్టు తాంబూలం పట్టుకుని వస్తాడా? నేను వాడి కోసం అన్నం మానేశాను, వాడేమో మేళం మాట్లాడుకుంటున్నాడు!

మీరు వాడికి చాలా గట్టిగా ఒక ఉత్తరం రాయాలి. ఈసారి వాడికి తెలియకూడదు అనే షరతు లేదు. తెలియాలి.

ఇట్లు,
రాజారత్నం

తా.క. గట్టిగా అంటే మరీ గట్టిగా వద్దు. వాడికి బీపీ ఉంది.

మరొక తా.క. పంకజాక్షి రాసేది. పోము పోము అంటానే చెవుల కమ్మలు ఎంతవుతాయని బంగారం అంగట్లో అడిగొచ్చినాడమ్మా, నాకు తెలియదనుకుంటా ఉండాడు.

*

తిరుపతి
ఆగస్టు 18

పెద్దాయనకు,

నమస్కారం. మీరు అడిగినట్టే గట్టి ఉత్తరం రాశాను. పోయినసారి తప్పు మళ్ళీ చేయకూడదని పోస్టులో వేయకుండా నేనే తీసుకెళ్ళాను.

మునిశేఖర్ గారు చదివి, నన్ను ఎగాదిగా చూశారు. "ఇదేందమ్మా? మళ్ళీ అడుగుతా ఉండారు?" అన్నారు. "బాకీ తీర్చకుండా మనవరాలికి చెవులు కుట్టిస్తున్నారట కదా" అన్నాను. "నా మనవరాలికి చెవులు ఎప్పుడో కుట్టించేసినాం. ఆ ఫంక్షనుకు ఆకులు వాడే ఇచ్చినాడు" అన్నారు.

"మరి ఆ పసుపు కవరు?" అన్నాను.

ఆయన ఫోను తీసి ఒక ఫొటో చూపించారు. పంకజాక్షమ్మ గారు రెండు చేతులతో కవరు అందుకుంటున్నారు. "రుజువు ఉండల్ల గదా, అందుకని తీసినాను. వాడి దగ్గర నేర్సుకున్నదే" అన్నారు.

పెద్దాయనా, నేను ఇంకేమీ రాయను. దేవుడి దగ్గర పెట్టిన ఆ కవరు దయచేసి విప్పండి. ఈ ఉత్తరం చదవడం అయిపోగానే విప్పండి.

మీ,
రూతు

తా.క. మొదటి కవరు వాళ్ళ దేవుడి గూట్లో ఉండిపోయింది, రెండోది మీ ఇంట్లో. ఇద్దరు దేవుళ్ళకూ ఈ బాకీ సంగతి మీ ఇద్దరికంటే ముందే తెలుసు.

*

శ్రీకాళహస్తి
ఆగస్టు 21

తల్లీ రూతమ్మా,

విప్పాను.

లోపల చెక్కు ఉంది. మొత్తం బాకీకి, నేను ఊరికే ఇచ్చానన్న ఆకులతో సహా. చెక్కు చుట్టూ మెస్సు బిల్లు కాగితం ఒకటి మడిచి పెట్టాడు. దాని వెనక వాడి చేతి రాత. "నేను సావకుండానే నీ బాకీ తీర్చినాను. మీ ఇన్సూరెన్స్ అమ్మకు చెప్పు. స్టీలు పళ్ళెంలో అన్నం పెడతా ఉంటే నాకే తినబుద్ధి కాలేదప్పా. రేపటి నుంచి ఆకు పంపు."

చెక్కు మీది తేదీ చూశాను. నేను ఆకుల గుట్ట వెనక నక్కి కూర్చుని వాడిని తిట్టుకున్న రోజుది. పక్షం రోజులుగా ప్రతి పొద్దునా ఆ కవరు ముందే దీపం పెట్టి, "స్వామీ, వీడికి బుద్ధి ఇవ్వు" అని వాడి గురించి మొక్కుకున్నాను. బుద్ధి రావాల్సింది నాకు.

వెంటనే వ్యాను ఎక్కి తిరుచానూరు వెళ్ళాను. ఆకుల కట్టలు దించుతూ ఉంటే వాడు చూసి, "ఇప్పుడు విప్పినావా?" అన్నాడు. "నువ్వెప్పుడు విప్పినావు నాది?" అన్నాను. నాగవేణమ్మ దేవుడి గూట్లోంచి నా నోటీసు తెచ్చి చూపించింది. ఇప్పటికీ విప్పలేదు. శుభకార్యం జరిగిపోయింది, లోపలేముందో మీరే చెప్పేశారు, ఇంకెందుకు అనుకున్నారట. ఆకులు పరిచి పక్కపక్కనే కూర్చుని తిన్నాము. నాగవేణమ్మ పప్పు వడ్డిస్తూ ఏడ్చింది. తాయెత్తు కూడా అప్పుడే విప్పింది.

డబ్బు ఎక్కడిది అని అడిగాను. నా పద్ధతే పాటించాడట. తడ ఏజెంటు సుకుమార్‌ను నోరు తెరిచి అడగలేక, మెస్సు బిల్లులన్నీ ఒక కవరులో పెట్టి, పసుపు రాసి, తాంబూలంతో వాళ్ళింటికి వెళ్ళాడు. సుకుమార్ లేడు. వాళ్ళమ్మ అందుకుంది. ఆవిడ మాలాంటిది కాదు తల్లీ. కళ్ళజోడు పెట్టుకుని అక్కడికక్కడే విప్పి, మొదటి కాగితం నుంచి చివరిదాకా పైకి చదివింది. చదివి కొడుక్కి ఫోను చేసి తమిళంలో ఏం తిట్టిందో మునిశేఖర్‌కు సగమే అర్థమైందట. సాయంత్రానికి డబ్బు వచ్చింది.

మీ కంపెనీ నాకు ఇచ్చిన మొత్తానికి చెక్కు రాసి ఇందులో పెట్టాను. పాలసీ వద్దన్నాను కదా, ఆ మాట కొట్టేయండి. మునిశేఖర్ కూడా సుకుమార్ మీద ఒక పాలసీ కావాలంటున్నాడు. సుకుమార్ ప్రాణం మీద కాదని ముందే చెప్పించి సంతకం పెట్టించండి.

ఆదివారం మీరూ మీ అమ్మగారూ మెస్సుకు భోజనానికి రావాలి. స్టీలు పళ్ళేలు అటక మీదికి ఎక్కించేశారు.

ఇట్లు,
నీ పెద్దాయన,
రాజారత్నం

తా.క. ఈ కవరుకు కూడా నాలుగు మూలలా పసుపు పెట్టాను. ఇంతదాకా చదివావంటే విప్పావన్నమాట. మా ఇద్దరికంటే నువ్వే నయం.

మరొక తా.క. పంకజాక్షి రాసేది. మీ అమ్మకు అదే నెమలి మెడ రంగు చీర తీసి పెట్టినాను. ఈయనకు నిజంగా అరవై వచ్చినప్పుడు మళ్ళీ పీటల మీద కూర్చోమంటాడేమో, ఆ రోజు కట్టుకుని రమ్మను. కవరు మాత్రం నేను పంపను, ఫోను చేస్తాను.